అమ్మేటప్పుడు సరుకు, ఆపేటప్పుడు సేవ: నెట్ లేనిదే తెరుచుకోని వీడియో గేమ్‌ల గురించి ఒక బహిరంగ లేఖ

చీఫ్ కమిషనర్ గారికి,
కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ,
న్యూఢిల్లీ.

నమస్కారం.

నల్గొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, జడ్చర్ల, వనపర్తి పట్టణాల్లో కంప్యూటర్లు, గేమ్ సీడీలు అమ్మేవాళ్లం, చెడిపోతే బాగుచేసేవాళ్లం, ఇంటింటికీ ఫైబర్ వైరు గుంజేవాళ్లం కలిసి రాస్తున్న ఉత్తరమిది. ముందుగా ఒక మాట స్పష్టం చేస్తాం. పైసలు పందెం కాసే ఆన్‌లైన్ ఆటల ఊసు ఇందులో లేదు. వాటికి 2025 ఆగస్టులో పార్లమెంటు వేరే చట్టమే చేసింది. మేం చెప్పేది దుకాణంలోనో ఆన్‌లైన్‌లోనో ఒక్కసారి డబ్బు కట్టి తెచ్చుకుని, ఇంట్లో ఒక్కరే కూర్చుని ఆడుకునే మామూలు వీడియో గేమ్ గురించి. ఎదుట ఇంకో ఆటగాడు ఉండడు, పందెం ఉండదు. అయినా నెట్ పోయిన అర నిమిషానికి 'కనెక్షన్ పోయింది' అని తెర మీద పడి, ఆట మొదటి పేజీకి వచ్చేస్తుంది.

కొత్త పెద్ద గేమ్ ఒకటి నాలుగైదు వేల రూపాయలు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. అంటే దసరాకు కొడుకు అడిగిన గేమ్ అట్ట పెట్టె పదహారు రోజుల కైకిలితో సమానం. అంత పెట్టి కొన్న వస్తువు ఏ షరతు మీద పనిచేస్తుందో, ఎన్నేండ్లు పనిచేస్తుందో ఆ అట్ట మీద సరిగా రాసి ఉండడం లేదు. మా గోడు ఇంతే. నెట్ కావాలనే గేమ్‌లు చేయొద్దని మేం అనడం లేదు. చేసినవాటి మీద నిజం రాయించమంటున్నాం.

పెట్టె వెనుక అడుగున, చీమ తలంత అక్షరాల్లో 'ఇంటర్నెట్ కనెక్షన్ రిక్వైర్డ్' అని ఉంటుంది. ఆన్‌లైన్ దుకాణంలో అయితే కొనే బటన్‌కు చాలా కింద, కంప్యూటర్‌కు ఎంత ర్యామ్ కావాలో చెప్పే పట్టికలో ఉంటుంది. ఆ మూడు ముక్కల వెనుక నాలుగు వేర్వేరు సంగతులు దాక్కుని ఉన్నాయి. ఒకటి, మొదటిసారి ఎక్కించుకునేటప్పుడు మాత్రమే నెట్ కావాలి. కోడ్ కొట్టి, ఫైళ్లు దించుకుంటే ఇక అక్కర్లేదు. రెండోది, అప్పుడప్పుడు హాజరు వేయించుకోవాలి. 2013లో ఎక్స్‌బాక్స్ వన్ యంత్రానికి 24 గంటలకోసారి హాజరు ఉంటుందని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. జనం తిరగబడితే అదే జూన్‌లో వెనక్కి తీసుకుంది. మూడోది, ఆట మొత్తం మన యంత్రంలోనే నడుస్తుంది, కానీ కొన్ని సెకన్లకోసారి కంపెనీ సర్వర్‌కు 'ఉన్నాను' అని చిన్న సందేశం పంపుతూ ఉంటుంది. జవాబు రాకపోతే ఆపేస్తుంది. నాలుగోది, ఆటలో కొంత భాగం నిజంగానే సర్వర్ మీద ఉంటుంది: శత్రువుల లెక్క, సంచిలోని సామాను, దాచుకున్న ప్రగతి అంతా అక్కడే.

మొదటి రకం గేమ్‌ను అమ్రాబాద్ మండలంలో అడవి పక్క ఊళ్లో ఉన్నవాళ్లు కూడా కొనుక్కోవచ్చు; ఒక్కరోజు అచ్చంపేటకు వచ్చి ఎక్కించుకుపోతే సరి. మూడో రకం, నాలుగో రకం వాళ్లకు దండుగే. అట్ట మీద మాత్రం అన్నింటికీ ఒకే ముద్ర. దుకాణంలో గల్లా ముందు నిలబడ్డ తండ్రికి ఈ తేడా చెప్పాల్సింది అమ్మేవాడే, ఆ అమ్మేవాడికి తెలిసే దారి కూడా ఆ మూడు ముక్కలే. చాలామంది దుకాణదారులు చెప్పలేరు. చెప్పగలిగినవాళ్లు అమ్మకం పోతుందని ఊరుకుంటారు, మాలో కూడా అట్లాంటివాళ్లు ఉన్నారని ఒప్పుకోవడానికి సిగ్గుపడం.

'మీ నెట్ బాగుచేసుకోండి, గేమ్‌ను ఎందుకు తిడతారు' అని కంపెనీ వాళ్లు అంటారు. ఆ నెట్ వేసేది మేమే కాబట్టి, ఇక్కడ అది ఎట్లా తెగుతుందో విడమర్చి చెప్తాం.

ఇంట్లో ఉండే ఫైబర్ డబ్బా 12 వోల్టుల అడాప్టర్ మీద నడుస్తుంది, ఆరు నుంచి పది వాట్లు తింటుంది. కరెంటు ఒక్క సెకను మిణుకుమన్నా అది ఆగి మళ్లీ లేస్తుంది. లేచి, ఆపరేటర్ యంత్రంతో మాట కలిపి, నెట్ అందుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. గేమ్ ఓపిక మాత్రం చాలాసార్లు అర నిమిషం లోపే. ఏప్రిల్, మే నెలల్లో గాలిదుమారం లేస్తే పాలమూరు, నల్గొండ ఊళ్లలో సాయంత్రం ఇట్లాంటి మిణుకులు లెక్కలేనన్ని. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో కూడా, దాని వెనుక చిన్న స్విచ్ 'యూపీఎస్' వైపు కాకుండా మామూలు వైపు ఉంటే, కరెంటు నుంచి బ్యాటరీకి మారే ఆ క్షణంలోనే డబ్బా పడిపోతుంది. ఆ స్విచ్ ఒకటుందని చాలా ఇండ్లల్లో తెలియదు.

డబ్బాకు విడిగా చిన్న యూపీఎస్ కొనుక్కోమని మేమే సలహా ఇస్తాం. అందులోనూ ఒక మతలబు ఉంది. పెట్టె మీద 8,000 ఎంఏహెచ్ అని రాసి ఉంటుంది. అది లోపలి సెల్స్ లెక్క, అంటే 3.7 వోల్టుల దగ్గర. గుణిస్తే దాదాపు 30 వాట్-గంటలు. 12 వోల్టులకు పెంచేటప్పుడు పోయే నష్టం తీసేస్తే చేతికొచ్చేది 25. ఎనిమిది వాట్లు తినే డబ్బాకు అది మూడు గంటలు. 8,000 అంకె చూసి రోజంతా వస్తుందనుకుంటే మోసపోతారు. అడాప్టర్ మీద 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉందో, 2 ఆంపియర్లని ఉందో చూసి దానికి తక్కువ కానిది కొనాలి. 9 వోల్టుల డబ్బాకు 12 వోల్టుల పిన్ను గుచ్చితే డబ్బా కాలిపోవచ్చు.

సరే, ఇంట్లో అంతా సరిచేసుకున్నారు. వీధిలోకి రండి. మంచి ఫైబర్ లైనులో ఒక పోగు వెలుతురును చాలా ఇండ్లకు పంచే, స్తంభం మీద ఉండే స్ప్లిటర్‌కు కరెంటు అక్కర్లేదు, అది గాజు ముక్క. ఇంకా పాత పద్ధతిలో స్తంభం దాకా ఫైబర్ తెచ్చి, అక్కడొక చిన్న డబ్బా పెట్టి, దాన్నుంచి మామూలు రాగి వైరుతో ఇండ్లకు ఇచ్చిన వాడలు ఉన్నాయి. ఆ స్తంభం డబ్బాకు కరెంటు పక్క ఇంటి నుంచో కిరాణా కొట్టు నుంచో వస్తుంది. కొట్టు మూసి మెయిన్ ఆపేస్తే ఆ వాడంతా నెట్ బంద్. మీ ఇంట్లో రెండు ఇన్వర్టర్లున్నా లాభం లేదు.

ఫైబర్‌లో వచ్చే వెలుతురు బలం సంగతి ఇంకోటి. దాన్ని డీబీఎంలలో కొలుస్తారు; మైనస్ అంకె ఎంత పెద్దదైతే వెలుతురు అంత తక్కువ. ఇంటి డబ్బా అందుకోగలిగే వెలుతురుకు మైనస్ 27 డీబీఎం దగ్గర హద్దు. మంచి అతుకులో పోయేది 0.1 డీబీ కూడా ఉండదు. కానీ ఎనిమిది దారుల స్ప్లిటర్ ఒక్కటే పదికి పైగా మింగుతుంది, పదహారు దారులది ఇంకో మూడు ఎక్కువ. దాని మీద నలిగిన కనెక్టర్, మేకుకు మెలిపెట్టి కట్టిన వైరు తోడైతే మైనస్ 26 దగ్గర వేలాడుతూ ఉంటుంది. అట్లాంటి లైను స్పీడ్ పరీక్షలో 50 ఎంబీపీఎస్ చూపిస్తుంది, యూట్యూబ్ ఆడుతుంది, కస్టమర్‌కు అనుమానమే రాదు. గాలికి వైరు ఊగితే, కోతి పట్టుకుని దుంకితే క్షణం పాటు హద్దు దాటి, ఎర్ర లైటు మిణుక్కుమని మళ్లీ వస్తుంది. యూట్యూబ్ ముందే కొంత దాచుకుని ఉంటుంది కాబట్టి ఆ క్షణం తెలియనివ్వదు. గేమ్ తెలియజేస్తుంది. కోతుల మీద మీకు ఫిర్యాదు చేయడం లేదు గానీ, తెలంగాణలో స్తంభాల మీద వైరు గుంజేవాళ్లకు జేసీబీ తర్వాత పెద్ద శత్రువు అదే.

జేసీబీ సంగతి కూడా చెప్పాలి. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు అంచున పాతిన కేబుల్ తెగితే చిన్న వాడ కాదు, మండలం మొత్తం పోతుంది. తవ్వి, రెండు కొసలు బయటికి లాగి, తేమ తుడిచి, పోగు పోగుకూ అతుకు వేయాలి. 24 పోగుల కేబుల్‌కు అన్నీ సజావుగా ఉంటే రెండు మూడు గంటలు, వానలో అయితే ఒక పూట. ఇది ఎవరి నిర్లక్ష్యమూ కాదు, రోడ్డు పడుతున్న జిల్లాల్లో మామూలు సంగతి.

అందువల్ల 'ఎన్ని ఎంబీపీఎస్ కావాలి' అని అట్ట మీద రాసి చేతులు దులుపుకుంటే కుదరదు. ఒక్కరే ఆడే గేమ్‌కు ఆట నడుస్తున్నప్పుడు కావాల్సిన డేటా గంటకు చాలా వరకు వంద ఎంబీ అటూ ఇటూ. 2 ఎంబీపీఎస్ కూడా ఎక్కువే. కావాల్సింది వేగం కాదు, తెగకపోవడం. కొనే ముందు దాన్ని ఇంట్లోనే చూసుకోవచ్చు. విండోస్ కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'పింగ్' అని కొట్టి, ఖాళీ వదిలి మైనస్ గుర్తుతో 'ఎన్' అక్షరం, మళ్లీ ఖాళీ వదిలి 1000, ఇంకో ఖాళీ తర్వాత గూగుల్ సర్వర్ చిరునామా 8.8.8.8 కొట్టాలి. సెకనుకొక చిన్న సందేశం పంపి జవాబు కోసం చూస్తూ దాదాపు పదిహేడు నిమిషాలు నడుస్తుంది. పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం మూడింటికి, రాత్రి తొమ్మిదింటికి మూడుసార్లు చేయాలి. వైఫై మీద కాదు, డబ్బాకు వైరు పెట్టి. చివర్లో ఎన్ని పోయాయో శాతం చూపిస్తుంది. వెయ్యిలో అక్కడక్కడ పది పోయినా ఆట సాగుతుంది. అదే పది వరుసగా పోయాయంటే సంగతి వేరు. పోయిన ఒక్కోదానికి నాలుగు సెకన్లు ఆగి చూస్తుంది కాబట్టి వరుసగా పది అంటే నలభై సెకన్ల కోత. ఆ లైను మీద మూడో రకం గేమ్ నిలవదు. శాతం రెండింటికీ ఒకటే, ఫలితం మాత్రం వేరు. కంపెనీలు తమ గేమ్ ఎన్ని సెకన్ల కోత ఓర్చుకుంటుందో ఒక్క అంకె ప్రకటిస్తే చాలు, కొనేవాడు ఈ పరీక్షతో తన లైను చాలుతుందో లేదో తేల్చుకుంటాడు. ఆ అంకె వాళ్ల దగ్గర ఉంది. ప్రోగ్రాం రాసినవాడే ఆ గడువు పెడతాడు.

ఇక ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆడుకుంటాం అనేవాళ్లు. పల్లెల్లో ఎక్కువమంది వీళ్లే. రోజుకు 2 జీబీ ప్లాన్ అనుకుందాం. ఆడటానికి సరిపోతుంది. కానీ ఇప్పుడు పెద్ద గేమ్ 100 జీబీ. సీడీ కొన్నా తప్పదు. 2022లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ మోడరన్ వార్‌ఫేర్ 2 ప్లేస్టేషన్ 5 సీడీలో ఉన్నది 70 ఎంబీ చుట్టూ మాత్రమే, మిగతాదంతా నెట్ నుంచి దించుకోవాల్సిందే. రోజుకు 2 జీబీ చొప్పున 100 జీబీకి 50 రోజులు. ప్లాన్ అయిపోయాక వచ్చే 64 కేబీపీఎస్ వేగంతో ఒక్క జీబీకే దాదాపు 35 గంటలు. 30 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంటే ఏడున్నర గంటల్లో అయిపోతుంది.

ఈ 50 రోజుల లెక్కను వాపసు గడువు పక్కన పెట్టి చూడండి. ఆన్‌లైన్ దుకాణాల్లో ఉదారమైనదని పేరున్న స్టీమ్ నియమం: కొన్న 14 రోజుల లోపు, ఆడిన సమయం 2 గంటల లోపు అయితే అడగ్గానే డబ్బు వెనక్కి. హైదరాబాద్‌లో ఉన్నవాడికి అది మంచి నియమం. ఫైబర్ రాని ఊళ్లో ఉన్నవాడికి గేమ్ పూర్తిగా దిగేలోపే ఆ గడువు తీరిపోతుంది. పనిచేస్తుందో లేదో చూసుకునే అవకాశమే లేదు. రెండు గంటల లెక్క కూడా గేమ్ తెరిచి ఉన్నంతసేపూ పడుతుంది. సర్వర్ దొరక్క లాగిన్ తెర ముందు కూర్చున్న సమయం కూడా 'ఆడిన' సమయమే. ఇక పెట్టెలో కోడ్ కాగితం ఉన్న రకమైతే, గీకి కొట్టిన తర్వాత ఏ దుకాణదారుడూ వాపసు తీసుకోలేడు. ఆ కోడ్ ఒక్క ఖాతాకే అతుక్కుంటుంది. తమ్ముడికి ఇవ్వడానికీ, సగం ధరకు అమ్ముకోవడానికీ లేదు.

మన వైపు లైను బంగారంలా ఉన్నా అవతలి కొస మన చేతిలో లేదు. ఇది తెలంగాణ గొడవ కాదు, ప్రపంచం మొత్తం చూసింది. 2012 మే 15న డయాబ్లో 3 అనే గేమ్ వచ్చిన రోజు కొన్నవాళ్లకు కనిపించింది 'ఎర్రర్ 37', అంటే సర్వర్లు ఖాళీగా లేవని. ఒక్కరే ఆడుకునేవాళ్లకు కూడా. దక్షిణ కొరియాలో ఫిర్యాదులు వెల్లువెత్తితే అక్కడి ఫెయిర్ ట్రేడ్ కమిషన్ ఆ కంపెనీ ఆఫీసులో సోదా చేసింది. మీలాంటి సంస్థ తలుచుకుంటే ఏం చేయగలదో చెప్పడానికే ఈ ఉదాహరణ. 2022 మార్చిలో గ్రాన్ టురిస్మో 7 సర్వర్లు 30 గంటలకు పైగా ఆగితే, ఒంటరిగా రేసు ఆడే భాగం కూడా చాలా వరకు మూతపడింది. 2025 ఫిబ్రవరిలో ప్లేస్టేషన్ నెట్‌వర్క్ ఒక రోజంతా పడిపోయింది; చందాదారులకు ఐదు రోజులు అదనంగా కలిపారు. చందా లేకుండా నాలుగు వేలు పెట్టి గేమ్ కొన్నవాడు ఆ లెక్కలోకి రాలేదు.

సిమ్‌సిటీ కథ అన్నింటికంటే పనికొచ్చేది. ఊరు కట్టే ఆట, 2013 మార్చి 5న విడుదలైంది. వచ్చిన రోజు నుంచి సర్వర్లు కిక్కిరిసి, కొన్నవాళ్లు లోపలికే పోలేకపోయారు. భారం తగ్గించడానికి ఆటలోని అతివేగం బటన్‌నే కంపెనీ తీసేసింది. ఆఫ్‌లైన్ పెట్టమని అడిగితే, లెక్కలన్నీ మా సర్వర్ల మీద జరుగుతాయి, విడదీయడం కుదరదు అన్నారు. కొద్ది రోజులకే కోడ్ తెలిసినవాళ్లు నెట్ తీసేసి ఆ ఊరు నడిపి చూపించారు. 2014 మార్చి 18న అదే కంపెనీ ఆఫ్‌లైన్ వెసులుబాటు ఇచ్చింది. కుదరదన్నది ఏడాదిలో కుదిరింది. కాబట్టి రేపు మీ ముందుకు వచ్చి 'సాంకేతికంగా సాధ్యం కాదు' అని ఏ కంపెనీ అయినా అంటే, అది మూడో రకమా నాలుగో రకమా అని ఒక్క ప్రశ్న వేయండి. నాలుగో రకం అయితే వాళ్ల మాటలో కొంత నిజం ఉంది, పని పెద్దదే. మూడో రకం అయితే తీసేయాల్సింది సర్వర్ జవాబు లేకపోతే ఆట ఆపేసే ఆ తలుపు గడియ మాత్రమే.

సర్వర్లు ఎప్పటికీ మూసేస్తే? ది క్రూ అనే కార్ల ఆట 2014 డిసెంబరులో వచ్చింది. 2023 డిసెంబరు 14న అమ్మకం ఆపారు. 2024 మార్చి 31న సర్వర్లు ఆపారు. ఆ తర్వాత, అప్పటికే కొన్నవాళ్ల ఖాతాల నుంచి లైసెన్సులే తీసేశారు. ఒంటరిగా కారు తోలుకుంటూ పోయే భాగం కూడా మిగలలేదు. కొన్న గేమ్‌లను ఇట్లా పనికిరాకుండా చేయొద్దంటూ పుట్టిన ఉద్యమం యూరప్‌లో 2025 జూలై చివరికి 10 లక్షల సంతకాలు దాటింది. అదే కంపెనీ ఆ తర్వాతి గేమ్ ది క్రూ 2కు ఆఫ్‌లైన్ వెసులుబాటు ఇచ్చింది. 2024 ఆగస్టు 23న వచ్చిన కాంకార్డ్ అనే గేమ్‌ను రెండు వారాలకే, సెప్టెంబరు 6న, ఆపేసినా కొన్నవాళ్లకు డబ్బు మొత్తం వాపసు ఇచ్చారు. న్యాయంగా ఆపడం కూడా వచ్చునన్నమాట.

ఇప్పుడు చట్టం. మేం వకీళ్లం కాదు, కానీ కస్టమర్ వచ్చి గల్లా ముందు నిలబడితే చదవక తప్పలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(9) వస్తువు నాణ్యత, పరిమాణం, ప్రమాణం, ధర గురించి తెలుసుకునే హక్కు ఇచ్చింది. ఎన్నేండ్లు పనిచేస్తుందో తెలియని వస్తువుకు పరిమాణం ఏది? పది రూపాయల బిస్కెట్ పొట్లం మీద ఎప్పటిలోగా తినాలో తేదీ ఉంది. ఐదు వేల గేమ్ మీద లేదు.

పైగా పేరు మార్చుకునే ఆట ఒకటుంది. అమ్మేటప్పుడు అది సరుకు: పెట్టె ఉంటుంది, ఎంఆర్‌పీ ఉంటుంది, 'ఇప్పుడే కొనండి' అని బటన్ ఉంటుంది. ఆపేటప్పుడు అది సేవ: మీరు కొన్నది గేమ్ కాదు, వాడుకునే అనుమతి మాత్రమే, ఎప్పుడైనా వెనక్కి తీసుకుంటాం అని ఒప్పందంలో ఇంగ్లిషులో రాసి ఉంటుంది. ఆ ఒప్పందం కూడా డబ్బు కట్టాక, ఎక్కించేటప్పుడు తెర మీదికి వస్తుంది. 'ఒప్పుకుంటున్నాను' నొక్కకపోతే గేమ్ తెరుచుకోదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం దీని మీద చట్టం చేసింది, 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది: అనుమతి మాత్రమే అమ్ముతున్నప్పుడు 'కొనండి' అనే మాట వాడాలంటే, ఇది లైసెన్సు మాత్రమేనని కొనేవాడికి విడిగా, స్పష్టంగా చెప్పాలి. నెట్ లేకుండా శాశ్వతంగా వాడుకునేలా దించుకోనిస్తే ఆ నియమం వర్తించదు.

మన చట్టంలోనూ దారి ఉంది. సరైన కారణం లేకుండా ఒక పక్షమే ఒప్పందాన్ని రద్దు చేసుకునే షరతు సెక్షన్ 2(46) ప్రకారం అన్యాయపు ఒప్పందం. కానీ అన్యాయపు ఒప్పందం మీద ఫిర్యాదు వినే అధికారం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఇవ్వలేదు, రాష్ట్ర కమిషన్ నుంచి మొదలవుతుంది. దేవరకొండలోనో మక్తల్‌లోనో ఉన్న కుర్రాడు ఐదు వేల గేమ్ కోసం హైదరాబాద్‌లో కేసు నడపాలి. నడుపుతాడా? సేవాలోపం అని రాసుకుంటే మాత్రం సొంత జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చు, 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు, రెండేండ్ల గడువు ఉంది. ఈ తేడా 1915 హెల్ప్‌లైన్‌లో ఫోన్ ఎత్తేవాళ్లు తెలుగులో చెప్పగలిగితే సగం మంది ఆగిపోకుండా ముందుకు పోతారు.

మీ సంస్థే 2023 నవంబరు 30న తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లను తెర మీద మభ్యపెట్టే ఎత్తులు) మార్గదర్శకాల్లో 'ఫోర్స్‌డ్ యాక్షన్' అని ఒకటి ఉంది: కొనాలనుకున్న వస్తువు కోసం సంబంధం లేని ఇంకో సేవలో పేరు నమోదు చేయించడం, సొంత వివరాలు గుంజుకోవడం. ఒక దుకాణంలో గేమ్ కొని, ఇంకో కంపెనీ ఖాతా తెరిచి, ఫోన్ నంబరు ఇస్తే తప్ప ఒంటరి ఆట మొదలు కాకపోవడం దీని కిందికి వస్తుందా రాదా అన్నది తేల్చాల్సింది మీరే. వస్తుందని మా అభిప్రాయం.

అడిగేవి ఇవి. పైన చెప్పిన నాలుగు రకాల్లో గేమ్ ఏ రకమో పెట్టె ముందు వైపున, ఆన్‌లైన్‌లో అయితే కొనే బటన్ పక్కన, ధర ఎంత అక్షరాల్లో ఉందో అంతే అక్షరాల్లో ఉండాలి. మన రాష్ట్రంలో అమ్మే పెట్టె మీద తెలుగులో, ఉర్దూలో ఒక అంటింపు కాగితం చాలు; అచ్చు ఖర్చు పైసల్లో ఉంటుంది. సర్వర్లు ఫలానా తేదీ వరకు ఆపబోమని ఒక కనీస తేదీ ఉండాలి. ఆ తర్వాత ఎప్పుడు ఆపినా ఆరు నెలల ముందు చెప్పాలి, చెప్పిన రోజు నుంచే అమ్మకం ఆపాలి. ఆపేటప్పుడు మూడో రకమైతే గడియ తీసేసే ప్యాచ్ (గేమ్‌ను సరిచేసే చిన్న ఫైలు) ఇవ్వాలి. నాలుగో రకానికి ప్యాచ్ కుదరకపోతే కనీస తేదీకి ముందు ఆపినవాళ్లు డబ్బు వాపసు ఇవ్వాలి. వాపసు గడువు కొన్న రోజు నుంచి కాకుండా గేమ్ మొదటిసారి సర్వర్‌తో కలిసిన రోజు నుంచి లెక్కపెట్టాలి. ఆ తేదీ వాళ్ల సర్వర్‌లోనే నమోదై ఉంటుంది, అబద్ధమాడే వీలు ఎవరికీ లేదు. ఒంటరి ఆటలో నెట్ తెగితే బయటికి నెట్టకుండా ఆట నిలిపి, అప్పటిదాకా ఆడింది యంత్రంలోనే దాచి, కనీసం పదిహేను నిమిషాలు ఎదురుచూడాలి. డబ్బా లేవడానికి మూడు నిమిషాలు, కేబుల్ అబ్బాయి ఆఫీసులో జనరేటర్ వేయడానికి ఇంకో పది. పదిహేను అనే అంకె అట్లా వచ్చింది, గాల్లోంచి కాదు.

ఈ మార్పులు వచ్చేదాకా మా దుకాణాల్లో చేయగలిగింది మేం చేస్తాం. అమ్మే ప్రతి కొత్త గేమ్ పెట్టె మీద కింది మాటలున్న కాగితం అంటిస్తాం. రకం, అంకెలు కంపెనీ చెప్పనిచోట 'కంపెనీ తెలపలేదు' అనే రాస్తాం. మీరు చేయబోయే నియమానికి నమూనాగా దీన్నే పంపుతున్నాం:

'ఈ గేమ్ ఒంటరిగా ఆడటానికి నెట్ ఎప్పుడెప్పుడు ఉండాలి (రకం): ____. నెట్ తెగితే ఇన్ని సెకన్లు ఓర్చుకుంటుంది: ____. సీడీ కాక నెట్ నుంచి దించుకోవాల్సింది: ____ జీబీ. సర్వర్లు కనీసం ఈ తేదీ వరకు నడుస్తాయి: ____. ఆ తర్వాత ఈ గేమ్ ఆడవచ్చు / ఆడలేరు.'

ఇట్లు,
నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల కంప్యూటర్, గేమ్ దుకాణదారులు, మరమ్మతు పనివాళ్లు, ఫైబర్ నెట్ పనివాళ్లు